66 పైసల వడ్డీ తీర్చడానికి మూడున్నర రూపాయల వడ్డీ

బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దగా రాసింది, పేరు వద్దంది. నేను కుదించి చెప్తున్నా.

2022 జనవరిలో మొగుడూ పెళ్ళాం ఇద్దరి పేరా ఫ్లాట్ కొన్నారు. 60 లక్షల లోను, 20 ఏళ్లు, వడ్డీ 6.7 శాతం, ఈఎంఐ 45 వేల చిల్లర. ఏడాది తిరిగేసరికి వడ్డీ 9.2 అయ్యింది. 2023లో ఒకరోజు ఆయన బ్యాంకు యాప్ తెరిచి చూస్తే ఈఎంఐ 50 వేలు అయి ఉంది, అది చాలదన్నట్టు ఆఖరి ఈఎంఐ 2048లో అని ఉంది. అప్పటికి ఆయనకి 66 ఏళ్లు వస్తాయి. ఆ రాత్రి నిద్రపోలేదంట. మర్నాడే లోను లెక్కలకి ఒక షీట్ మొదలెట్టారు. అప్పటి నుంచి ఏడాదికి 5 లక్షలు అదనంగా కడుతూ 59 లక్షలున్న బాకీని 40 లక్షలకి తెచ్చారు. ఇక్కడిదాకా ఆవిడకీ ఇష్టమే.

గత జూన్ నుంచి ఇంకో ప్లాన్ వచ్చింది. మూడేళ్లలో మొత్తం క్లోజ్ చేసేయాలి, అంటే నెలకి లక్షా పాతిక వేలు. ఆయన జీతం చేతికి 1,52,000, ఈవిడ స్కూల్లో టీచర్, 38,000. లక్షా పాతిక పోగా మిగిలిన 65 వేలలో ఇద్దరు పిల్లల ఫీజులు, మెయింటెనెన్స్, వాటర్ ట్యాంకర్ల వాటా, కారు ఈఎంఐ, అత్తగారి మందులు, సరుకులు. ఏడేళ్ల పాప భరతనాట్యం క్లాసు మాన్పించారు, నెలకి 1,800 ఫీజు. క్లాసు జరిగేది వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనే, పాప సాయంత్రం వెళ్లి బయట మిగతా పిల్లల చెప్పుల దగ్గర కూర్చుని తలుపు సందులోంచి చూస్తోందంట. జులైలో బాబుకి డెంగీ వచ్చింది, ఆఫీసు ఇన్సూరెన్స్ పోను 58 వేలు చేతి నుంచి పడింది, ఆ నెల డబ్బులన్నీ 5వ తేదీనే లోనుకి వెళ్లిపోవడంతో క్రెడిట్ కార్డు గీకారు, ఇప్పటికీ మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నారు. అనంతపురంలో వాళ్ల నాన్నగారికి కంటి ఆపరేషన్ అంటే 30 వేలు అడిగింది, "ఈ క్వార్టర్ అయ్యాక చూద్దాం" అన్నారు ఆయన. తమ్ముడు వాళ్లావిడ గాజులు తాకట్టు పెట్టి ఒక కన్ను చేయించాడు. ఇప్పుడు ఆయన పీఎఫ్ తీద్దాం, నీ నగలు కొన్ని అమ్మేద్దాం, టర్మ్ పాలసీ (మనిషికేమన్నా అయితేనే డబ్బొచ్చే బీమా) ప్రీమియం 24 వేలు దండగ, ఆపేద్దాం అంటున్నారు. ఈవిడ ఆయనకి తెలీకుండా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లతో నెలకి 2,500 చిట్టీ కడుతోంది. "అక్కా, అప్పు తీర్చడం తప్పని నేననట్లేదు. కానీ అప్పు తీరేసరికి ఇంట్లో మేం మిగులుతామా అనిపిస్తోంది. ఆయనది తప్పా, నాదా?" అని అడిగింది.

చెల్లెమ్మా, తప్పెవరిదో తేల్చడం నా వల్ల కాదు గానీ, నీ ఉత్తరంలో నువ్వు ఒక్క లైనులో రాసి దాటేసిన సంగతి ఒకటుంది, నేను అక్కడే ఆగిపోయా. మీ ఆయన చిన్నప్పుడు మదనపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో బోర్ల కోసం చేసిన అప్పుకి వాళ్ల నాన్న రెండెకరాలు అమ్ముకున్నారని రాశావు. ఈ కథంతా మొదలైంది అక్కడే అని నాకనిపిస్తోంది. మన రాయలసీమలో బోరు అప్పు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు పడతాయని ఒకటి, పడలేదని ఇంకొకటి, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ, అప్పిచ్చినాయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటే ఇంట్లో పిల్లలు స్కూలు సంచి తీసుకోడానికి కూడా ఆయన ముందు నుంచే వెళ్లాలి. అది చూసి పెరిగిన మనిషి 2048 అనే అంకె చూసిన రాత్రి ఎలా పడుకుంటాడు చెప్పు. నువ్వు దాన్ని "ఆయన పిచ్చి" అని రాశావు. నాకైతే భయంలా కనిపిస్తోంది. పిచ్చి అని మొదలెడితే గొడవ తప్ప ఇంకేం రాదు.

ఇంకోటి, ఆయన భయపడ్డానికి కారణం లేకపోలేదు. బ్యాంకుల ఇంటి లోన్లు 2019 అక్టోబర్ నుంచి బయటి రేటుకి, మామూలుగా రెపోకి (రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు), ముడిపడి ఉంటున్నాయి కదా, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5కి పోయింది. 59 లక్షల మీద 9.2 అంటే నెలకి వడ్డీయే 45,233. మీ పాత ఈఎంఐ 45,444. అంటే బ్యాంకు ఈఎంఐ పెంచకపోయి ఉంటే నెలంతా కష్టపడి కట్టినదాంట్లో అసలుకి పోయేది 211 రూపాయలు, ఇద్దరు మన మెస్సులో ఫుల్ మీల్స్ తింటే అయిపోయే డబ్బు. అలాంటి టైములో ఆయన చేతులు ముడుచుకుని కూర్చోకుండా మూడేళ్లలో 19 లక్షలు దించాడు, ఆ మాట ఎవరైనా ఆయనతో మెచ్చుకుంటూ అన్నారా ఇంట్లో? నాకు తెలిసి షీట్ గురించి మాట్లాడేది ఆయనొక్కడే అయ్యుంటాడు.

సరే, ఇప్పుడు లెక్క. ఆయనకి లెక్కే కావాలి కాబట్టి లెక్కతోనే వెళ్దాం, కానీ శాతాల్లో కాదు, మీ మామగారి భాషలో, నూటికి నెలకి ఎన్ని రూపాయలు అని. 2025లో రెపో 6.5 నుంచి 5.25కి దిగింది కాబట్టి మీ లోను ఇప్పుడు 7.95 అని రాశావు. అంటే నూటికి నెలకి 66 పైసలు. మీ ఊళ్లో 66 పైసల వడ్డీకి అప్పిస్తానంటే జనం లైను కడతారు. క్రెడిట్ కార్డు? నెలకి మూడున్నర శాతం, మూడున్నర రూపాయల వడ్డీ, దాని మీద జీఎస్టీ అదనం. బాబు హాస్పిటల్ 58 వేలకి నెలకి 2,030 రూపాయలు వడ్డీ పడుతోంది, అదే డబ్బు ఇంటి లోనులో ఉంటే 383 పడేది. మీ తమ్ముడు తాకట్టు పెట్టిన గాజుల మీద రూపాయో ఎంతో పడుతూనే ఉంటుంది. అంటే మీ ఇంట్లో జరుగుతున్నదేంటంటే 66 పైసల వడ్డీ అప్పు తీర్చడానికి మూడున్నర రూపాయల అప్పు తెచ్చుకుంటున్నారు, ఇంకో అప్పు మీ తమ్ముడి నెత్తిన పెట్టారు. అంత లెక్క తెలిసిన మనిషికి ఇది కనపడట్లేదంటే షీట్‌లో ఆ రెండిటికీ వరసలు లేవన్నమాట. ఆయన షీట్‌లో ఇంటి లోను ఒక్కటే అప్పు.

పీఎఫ్ సంగతి ఇంకా తేలిక. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 ఇచ్చారు. ఇంటి లోను 7.95. ఎక్కువ తెచ్చే డబ్బు తీసి తక్కువ తినే అప్పులో పోయడమెందుకు? దీనికి వాదన కూడా అక్కర్లేదు, రెండంకెలు పక్కపక్కన రాసి చూపించు చాలు.

నగల గురించి మాత్రం నేను మెత్తగా మాట్లాడను. అవి నీవి. పెళ్లిలో మీవాళ్లు పెట్టింది స్త్రీధనం, దాని మీద భర్తకి హక్కు లేదని సుప్రీంకోర్టు 2024లో కూడా చెప్పింది. నువ్వే ఇష్టపడి ఇస్తే అది వేరే, కానీ ఇలా బిగుసుకుపోయి ఉన్న టైములో అడిగితే ఇచ్చేది ఇష్టం అవదు. రేపు అమ్మాయి పెళ్లికి కాకపోయినా ఏ ఆపదకో కావాలంటే గంటలో డబ్బయ్యేది ఇంట్లో అదొక్కటే ఉంది ప్రస్తుతానికి, ఎందుకంటే మీ అకౌంట్‌లో 20వ తేదీకి 18 వేలు ఉంటున్నాయని నువ్వే రాశావు.

టర్మ్ పాలసీ మాత్రం ఈ వారమే చూడు, మిగతావన్నీ తర్వాత. లోను ఇద్దరి పేరా ఉంది. ఆయనకేమన్నా అయితే, అనకూడదు గానీ, ఆ 40 లక్షలూ నీ 38 వేల జీతం మీద పడతాయి. ఏడాదికి 24 వేలంటే నెలకి 2 వేలు. అప్పుకి అంత భయపడే మనిషి అప్పు ఉన్నన్నాళ్లూ చేయకూడని పని ఏదన్నా ఉందంటే అది ఆ పాలసీ ఆపడమే, ఈ మాట ఇలాగే చెప్పు.

ఇక దారులు. నాకు నాలుగు కనిపిస్తున్నాయి, ఏది మంచిదో మీ ఇద్దరూ తేల్చుకోవాలి.

ఆయన చెప్పే మూడేళ్లే కానివ్వచ్చు. 40 లక్షలకి నెలకి 1,25,000 చొప్పున కడితే 36 నెలల్లో అయిపోతుంది, ఇక్కణ్ణించి కట్టే వడ్డీ మొత్తం 5 లక్షల పైచిలుకు. మంచి లెక్కే. కానీ దీంట్లో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. నువ్వు ముందే 20 లక్షలు ఎక్కువ కట్టేశావు కదా అని బ్యాంకు వచ్చే నెల ఈఎంఐ వదిలెయ్యదు. అసలు తగ్గుతుంది, గడువు తగ్గుతుంది, 5వ తేదీ మాత్రం 5వ తేదీనే. కట్టిన డబ్బు వెనక్కి అడిగితే ఇవ్వరు, మళ్లీ టాప్-అప్ లోనని (పాత లోను మీద ఇంకో లోను) కాగితాలు పట్టుకుని తిరగాలి, ఉద్యోగం పోయి ఉంటే అదీ ఇవ్వరు. ఐటీలో ఉద్యోగాలు ఎలా ఉన్నాయో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. ఈ దారిలో వెళ్లాలంటే ముందు కార్డు క్లియర్ అవ్వాలి, చేతిలో కొంత డబ్బుండాలి, నగలూ పీఎఫ్ ముట్టుకోకూడదు. ఇవన్నీ పెట్టుకుంటే మూడేళ్లు ఎలాగూ మూడున్నరో నాలుగో అవుతుంది, అది ఆయనకే అర్థమవుతుంది.

రెండోది ఐదేళ్లు చేయడం. నెలకి 81,000. వడ్డీ మొత్తం 8 లక్షల 60 వేలు అవుతుంది. మూడేళ్ల ప్లాన్ కన్నా మూడున్నర లక్షలు ఎక్కువ, నిజమే, చిన్న డబ్బేం కాదు. కానీ 60 నెలల మీద పంచితే నెలకి 5,800. ఆ 5,800కి మీకు వచ్చేదేంటో చూడు, నెలకి 44 వేలు చేతిలో మిగులుతాయి. మొదటి రెండు నెలల్లో కార్డు పోతుంది. ఆ తర్వాత ఇంకో ఏడాదింపావులో ఆరు నెలల ఈఎంఐ, ఆరు నెలల ఇంటి ఖర్చు కలిపి 7 లక్షల దాకా పక్కన పడుతుంది, దాని మీద ఎఫ్‌డీ వడ్డీ కూడా వస్తుంది కాబట్టి నిజానికి ఖరీదు 5,800 కన్నా తక్కువే. పాప క్లాసు 1,800 దీంట్లో లెక్కకే రాదు.

మూడోది, మీ తమ్ముడు చెప్పాడన్నావే, ఉత్త ఈఎంఐ కట్టుకుంటూ మిగతాది ఎస్ఐపీలో, అంటే నెలనెలా షేర్ల ఫండ్‌లో, వెయ్యమని. 50 వేల చొప్పున కడితే ఇంకా తొమ్మిదిన్నరేళ్లు, వడ్డీ 17 లక్షలు. షేర్లలో 12 శాతం వస్తుంది కదా అంటారు, రావచ్చు, రాకపోనూ వచ్చు, మీ 7.95 మాత్రం ఖాయంగా పోతుంది. కొంతమందికి ఇది సరిపోతుంది, మీ ఆయనకి సరిపోదు. మార్కెట్ పడ్డ రోజు ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకో. ఇంటి లోను ఉంచుకుంటే ట్యాక్స్ కలిసొస్తుందనే మాట కూడా ఎవరో అని ఉంటారు, ఆయన కొత్త పన్ను పద్ధతిలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, పాత పద్ధతిలో ఉంటేనే ఏడాదికి 2 లక్షల దాకా. అది చూసుకోండి అంతే, దాని కోసం అప్పు ఉంచుకోకండి.

నాలుగోది ఓవర్‌డ్రాఫ్ట్ లాంటి ఇంటి లోను. ఎస్‌బీఐలో మ్యాక్స్‌గెయిన్ అని ఉండేదే అలాంటిది, వేరే బ్యాంకుల్లోనూ వేరే పేర్లతో ఉన్నాయి. అదనపు డబ్బు ఆ అకౌంట్‌లో పెడితే దాని మేరకి వడ్డీ పడదు, అవసరమైతే తీసుకోవచ్చు. ఆయనకి వడ్డీ తగ్గిన తృప్తి, నీకు డబ్బు చేతికందేంత దూరంలో ఉందన్న ధైర్యం. వడ్డీ రేటు మామూలు లోను కన్నా కాస్త ఎక్కువ ఉండొచ్చు, మార్చుకోడానికి ఫీజులు ఉంటాయి, అవి లెక్కేసుకున్నాకే. డబ్బు కనిపిస్తే ఖర్చుపెట్టేసే ఇంట్లో ఇది పనికిరాదు, మీ ఇంట్లో ఆ ప్రమాదం లేదనుకుంటా.

నన్నడిగితే రెండోదో నాలుగోదో అంటా. కానీ మొదటిదే కావాలని ఆయన గట్టిగా ఉంటే, నువ్వూ లెక్క చూసి ఒప్పుకుంటే, అదీ బతకలేనిదేం కాదు. నీకు నొప్పి లక్షా పాతికలో లేదు, ఆ అంకె ఆయనొక్కడే వేసి ఫ్రిజ్ మీద అంటించడంలో ఉంది.

ఈలోపు ఏ గొడవా లేకుండా చేయగలిగినవి రెండున్నాయి. పార్ట్ పేమెంట్ కట్టిన ప్రతిసారీ ఈఎంఐ తగ్గించద్దు, గడువే తగ్గించండి అని రాసి ఇచ్చారా లేదా చూడండి, యాప్‌లో కూడా ఆ ఆప్షన్ ఉంటుంది. ఫ్లోటింగ్ లోను (మీదాంట్లా రేటు మారుతూ ఉండేది) మీద ముందే కట్టినందుకు బ్యాంకు ఛార్జీ వేయకూడదు, 2012 నుంచి ఆర్‌బీఐ రూలు అది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా గడువు పెంచాలా అని మిమ్మల్ని అడగాలని కూడా 2023 ఆగస్టులో చెప్పింది, అంటే మళ్లీ ఎవరూ మీకు చెప్పకుండా 2048 చేయలేరు, ఈ ముక్క ఆయనకి తప్పకుండా చెప్పు. ఇంకోటి, అదే బ్యాంకు కొత్తగా వచ్చేవాళ్లకి ఎంత రేటుకి ఇస్తోందో అడగండి. చాలాసార్లు పాతవాళ్లకన్నా తక్కువ ఉంటుంది, కొంచెం ఫీజు కడితే మీకూ మారుస్తారు. అర శాతం తగ్గినా 40 లక్షల మీద ఏడాదికి 20 వేలు. పాప క్లాసు ఏడాదికి 21,600.

చిట్టీ గురించి. రహస్యంగా కట్టావని నిన్ను తిట్టను, చేతిలో రూపాయి లేకపోతే ఆడవాళ్లు చేసే పనే అది, మా అమ్మ పోపుల డబ్బాలో దాచేది. కానీ అపార్ట్‌మెంట్ చిట్టీకి రిజిస్ట్రేషనూ ఉండదు పాడూ ఉండదు, నడిపే ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే ఎవరినడుగుతావు. అంతకన్నా పెద్ద చిక్కు, ఆయన ఒక్కడే షీట్ రాసుకుంటున్నాడని నువ్వంటున్నావు, నీకూ ఒక రహస్య షీట్ ఉంది. నువ్వే చెప్పెయ్, ఆయన కనిపెట్టకముందే. చెప్పేటప్పుడు "నాకు భయమేసింది, అందుకే" అని చెప్పు. భయం అనే మాట ఆయనకి అర్థమయ్యే మాట. అలాగే ఇద్దరికీ నెలకి చెరో 3 వేలు, ఎవరూ లెక్క అడగని డబ్బు, షీట్‌లోనే ఒక వరసగా పెట్టించు. చిట్టీ కన్నా నయం.

మాట్లాడ్డం ఎప్పుడూ అంటే, రాత్రి పదింటికి ఆయన లాప్‌టాప్ తెరిచినప్పుడు మాత్రం వద్దు, రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చిన మనిషికి అప్పుడు ఏం చెప్పినా ఎక్కదు. ఆదివారం టిఫిన్లయ్యాక, పిల్లలు కిందకి ఆడుకోడానికి వెళ్లినప్పుడు కూర్చోండి. ముందు ఆ రెండెకరాల సంగతి అడుగు. ఎంత వడ్డీకి తెచ్చారు, ఎవరు వచ్చి అడిగేవారు, అమ్మిన రోజు మామగారు ఏమన్నారు అని. నీకు సగం తెలిసే ఉంటుంది, అయినా ఆయన నోటితో విను. అత్తగారు ఇంట్లోనే ఉన్నారు కదా, ఆవిడ కూడా కూర్చుంటే ఇంకా మంచిదేమో, అది నువ్వు చూసుకో. ఆ తర్వాత కార్డు స్టేట్‌మెంట్ పక్కన పెట్టు. నెలకి నూటికి మూడున్నర అని చెప్పు, శాతం అనకు. నాకు తెలిసి ఆయన మిగతాది తనే చెప్తాడు.

చెప్పకపోతే, ఇంకా బిగుసుకుంటే, అప్పుడు నీ జీతం వేరే అకౌంట్‌లో వేయించుకుని దాంట్లోంచి ఇంత వాటా మాత్రమే లోనుకి ఇస్తానని చెప్పే హక్కు నీకుంది, కో-అప్లికెంట్‌వి నువ్వు. అది కొంచెం గట్టి మాట, ఇంట్లో వేడి పుడుతుంది, కొన్నాళ్లు మాటలు తగ్గుతాయి. ముందే ఆ మాట వాడకు, కానీ అసలే వాడకూడదని కూడా అనుకోకు.

మా లోను మేమూ ముందే తీర్చాంలే, బీటీఎంలో ఉన్నప్పుడు. పిల్లాడు స్కూల్ ట్రిప్‌కి వెళ్తానంటే రెండేళ్లు వరసగా వద్దన్నాం. లోను తీరాక కాగితాలు ఇవ్వడానికి బ్యాంకు రెండు నెలలు తిప్పింది (ఇప్పుడైతే 30 రోజుల్లో ఇవ్వాలి, వాళ్ల వల్ల లేటైతే రోజుకి 5 వేలు కట్టాలని రూలొచ్చింది, మీ టైముకి అది గుర్తుపెట్టుకోండి, ఈసీలో, అంటే ఇంటి మీద ఏ తాకట్టులున్నాయో చూపే సర్టిఫికెట్‌లో, బ్యాంకు పేరు పోయిందో లేదో కూడా చూసుకోండి). ఆ కాగితాల సంచీ బీరువాలో పెట్టిన రోజు మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజం. పిల్లాడికి మాత్రం ఇప్పటికీ ఆ మైసూరు ట్రిప్పే గుర్తు. ఏది ఎక్కువో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఆఖరుగా ఒకటి అడుగుతా. నాన్నగారికి ఒక కన్ను అయ్యిందన్నావు, రెండోది ఎప్పుడన్నారో రాయలేదు. ఆ తేదీ కనుక్కో. కనుక్కుని ఆదివారం ఆ షీట్ తెరిచినప్పుడు ఆ నెల కింద మీ ఆయన చేతే 30 వేలు రాయించు, తమ్ముడి గాజుల డబ్బు దాని కింది వరసలో.